ఎడమకి తిరిగిన కొక్కెం

మా నాన్న యుద్ధనౌకలో పనిచేశాడని ఈ దేశంలో నలభై ఎనిమిదేళ్లుగా చెప్పుకుంటూ వచ్చాను. ఏం పని చేశాడో మాత్రం చెప్పలేదు. ఎవరైనా గుచ్చి అడిగితే "నేవీ, సప్లై" అనేదాన్ని. వినేవాళ్లు తెల్ల యూనిఫాం, ఇత్తడి గుండీలు ఊహించుకునేవాళ్లు. నేను కాదనేదాన్ని కాదు. ఆ తెల్ల యూనిఫాంలు మా నాన్న ఒంటిమీద ఏనాడూ లేవు, చేతుల్లో ఉండేవి. ఉతికాడు, గంజి పెట్టాడు, ఇస్త్రీ చేశాడు. మేం చాకలివాళ్లం.

ఈ చివరి వాక్యం రాయడానికి నాకు డెబ్బై మూడేళ్లు పట్టింది. రాశాక చూస్తే రెండే మాటలు.

కెనడాలో ఈ మిస్సిసాగా వచ్చిన కొత్తలో ఏ తెలుగువాళ్లింటికి భోజనానికి వెళ్లినా, పప్పు వడ్డించాక పులుసు వచ్చేలోగా ఎవరో ఒకరు "మీరెవరమ్మా?" అని అడిగేవాళ్లు. పేరు, ఊరు, చదువు అన్నీ చెప్పేశాక అడిగే "మీరెవరు" అది. దానికి జవాబు చెప్పకుండా తప్పుకోవడంలో నేను ఆరితేరాను. నాన్న నేవీ అనేదాన్ని, ఊళ్లు తిరిగాం అనేదాన్ని, ఈలోగా పులుసు వచ్చేది. మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం, టౌన్‌హౌస్, అమ్మాయి చదువు, అన్నీ అమరాయి. నాన్నని మాత్రం సగమే తెచ్చుకున్నాను ఈ దేశానికి.

ఆయన పనిచేసింది బ్రిటిష్ వాళ్ల క్రూజర్‌లో, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. నాన్న, ఆయన అన్న, అంటే మా పెదనాన్న, విశాఖపట్నం హార్బరులో దొరల బట్టలు ఉతికేవాళ్లు. ఒక కాంట్రాక్టరు వాళ్లని సిలోన్‌లోని ట్రింకోమలీ రేవుకి తీసుకెళ్లాడు. అక్కడ లంగరేసిన ఆ ఓడకి బట్టలుతికేవాళ్లు కావలసివచ్చారు. పెదనాన్నకి ఇరవై నాలుగు, నాన్నకి పందొమ్మిది. ఎక్కేశారు. ఎవరూ సంతకం పెట్టించుకోలేదు, నంబరు ఇవ్వలేదు. కింద ఇంజన్ల వేడి తగిలే గది ఒకటి చూపించి, పని మొదలుపెట్టమన్నారు.

ఆ ఓడ చరిత్ర నాన్నకి బట్టల ద్వారానే తెలుసు. వీళ్లు ఎక్కకముందు అది ఉత్తరాన మంచు సముద్రాల్లో సరుకు ఓడలకి కాపలా తిరిగింది. ఆ రోజుల ఉన్ని స్వెట్టర్లు ఉప్పుకి బిరుసెక్కి, ఎన్ని నీళ్లు మార్చినా మెత్తబడేవి కావట. తర్వాత మధ్యధరా సముద్రంలో దెబ్బలు తింది. అక్కణ్ణుంచి వచ్చిన చొక్కాల మీద నూనె మరకలు, వాటి కింద నెత్తురు మరకలు. నూనె వదిలించడం తేలిక, నెత్తురుని వేణ్ణీళ్లలో వేస్తే ఇక వదలదు అని నాన్న చెప్పేవాడు. హిందూ మహాసముద్రంలోకి వచ్చాక అన్నీ తెల్లబట్టలు. గంజి, నీలిమందు, చలవ. అంతమంది మగవాళ్లు రోజూ తెల్లగా డెక్కు మీద నిలబడేవాళ్లంటే కింద ఇద్దరు నల్లవాళ్లు ఒళ్లు హూనం చేసుకున్నారన్నమాట. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే రాస్తున్నాను.

ఒక పగలు విమానాలొచ్చాయి. అలారం మోగితే ఇద్దరికీ పని చెప్పి ఉంచారు. ఇస్త్రీపెట్టెలు ఆపాలి, ఆవిరి గొట్టం కట్టెయ్యాలి, పైకెళ్లి దెబ్బతిన్నవాళ్లని మొయ్యాలి. పెదనాన్న నాన్నని ముందు పంపించి తను ఆవిరి కట్టడానికి ఆగాడు. అది తెరిచి ఉండగా గొట్టం పగిలితే ఆ దారిలో వెళ్లేవాళ్లంతా ఉడికిపోతారు. బాంబు ఓడ పక్కనే పడింది. ఆ వైపు గదుల్లోకి నీళ్లొచ్చాయి. ఇనపతలుపు బిగించమని ఆర్డరు. బిగించకపోతే ఓడే పోతుంది. ఆ తలుపు బిగించిన చేతుల్లో మా నాన్న చేతులు కూడా ఉన్నాయి. ఇది ఆయన నాకు జీవితంలో ఒక్కసారే చెప్పాడు, చొక్కా కాలరుకి ఇస్త్రీ చేస్తూ, తల ఎత్తకుండా.

రేవు చేరాక నీళ్లు తోడి అందరినీ బయటికి తీశారు. మిగతావాళ్లకి జెండా కప్పారు. పెదనాన్నకి నాన్న తను చలవచేసిన దుప్పటి కప్పాడు. సాయంత్రం కెప్టెన్ పోయినవాళ్ల పేర్లు చదివాడు. నాన్న చివరిదాకా నిలబడి విన్నాడు. అన్న పేరు రాలేదు. "మరిచిపోలేదమ్మా, వాళ్ల కాయితంలోనే లేడు" అన్నాడు నాతో, కెప్టెన్ తప్పేమీ లేనట్టు. నాకు మాత్రం అప్పుడూ ఒళ్లు మండింది, ఇప్పుడూ మండుతోంది.

ఇక్కడ గుర్తు సంగతి చెప్పాలి. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి చాకలివాళ్లు మూల మీద చిన్న గుర్తు పెడతారు. నల్లజీడి గింజని సూదితో గుచ్చి, ఆ రసంతో చుక్కలు, గీతలు వేసి, పైన సున్నం అద్దుతారు. బట్ట చిరుగుతుందిగాని గుర్తు పోదు. ఆ రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. నా కుడిచేతి చూపుడువేలి మీద మచ్చ అదే. వంటలో కాలిందని చెబుతూ వచ్చాను. చుక్కలు బట్టల సొంతదారుకి. వాటి ముందు కొక్కెంలా వంగి ఉండే గీత ఉతికినవాడికి. పెదనాన్న కొక్కెం ఎడమకి తిరిగి ఉండేది, నాన్నది కుడికి. కాలరు మీద గుర్తు అరిగిపోతుందని పెదనాన్న ఒక కట్టుబాటు పెట్టాడు. కాలరు దగ్గర అన్న వేస్తాడు, కుడి చంక కింద లోపలి కుట్టు దగ్గర తమ్ముడు ఇంకోటి వేస్తాడు. ఆ రోజు తర్వాత నాన్న తన కొక్కెం మళ్లీ వెయ్యలేదు. విశాఖలో ఆయన ఉతికిన ప్రతి బట్ట మీదా, రెండు చోట్లా, ఎడమకి తిరిగిన కొక్కెమే.

పోయిన వేసవిలో మా లైబ్రరీ బోర్డు మీద ఒక నోటీసు చూశాను. ఎటోబికోలో మాజీ సైనికుల హాలు ఒకటి ఉంది. అక్కడ ఒక బ్రిటిష్ క్రూజర్ గురించి ప్రదర్శన పెట్టారట. కొందరు కెనడా నావికులు కూడా దాని మీద పనిచేశారట. ఓడ చరిత్ర పుస్తకంగా వేస్తున్నారు, యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు నవంబరులో చదువుతారు, బంధువులుంటే రండి అని రాసి ఉంది. ఓడ పేరు చదివి అక్కడే కుర్చీలో కూలబడ్డాను. అది నాన్న నిద్రలో కూడా పలికే పేరు. పెదనాన్న పేరు ఆ జాబితాలో ఎక్కాలి, నా కళ్లముందు ఎవరో ఒకరు దాన్ని పైకి చదవాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

కంటి ఆపరేషన్ అయ్యాక నేను హైవే మీద డ్రైవ్ చేయడం మానేశాను. మా వీధిలో ఉండే రిటైరైన డాక్టరు గారు తీసుకెళ్తానన్నారు. ఆయనకి యుద్ధాల చరిత్రంటే ప్రాణం. దారంతా ఆ క్రూజర్ తుపాకుల సైజులు చెబుతూనే ఉన్నారు. "మీ నాన్నగారి ఓడ కదమ్మా, గర్వంగా ఉండాలి" అన్నారు. ఉంది అన్నాను. అబద్ధం కాదు.

హాలు చూసుకునే పెద్దాయనకి ఎనభై దాటాయి. నీలం కోటు, జేబు మీద బ్యాడ్జి. వాళ్ల నాన్న ఆ ఓడ మీద విమానాలని కొట్టే తుపాకీ దగ్గర పనిచేశాడట. మధ్యలో ఒక గాజుపెట్టె. అందులో వాళ్ల నాన్న తెల్ల యూనిఫాం చొక్కా. కాలరు లోపల చిన్న నల్లగుర్తు, ఒక కొక్కెం, మూడు చుక్కలు. కింద అట్టముక్క మీద రాసి ఉంది: తను కూల్చిన మూడు శత్రు విమానాలని ఆ తుపాకీవీరుడు చెరగని సిరాతో తన చేత్తోనే ఇలా గుర్తు పెట్టుకున్నాడని.

నాకు నవ్వొచ్చింది. పైకే నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది, కానీ ఎనభై ఏళ్లుగా మా పెదనాన్న చేతిరాతకి నమస్కారాలు జరుగుతున్నాయని తెలిస్తే ఎవరికి రాదు? పెద్దాయన మొహం ఎర్రబడింది. ఏమిటని అడిగాడు. అప్పటికి డాక్టరు గారు నా వెనకే నిలబడి ఉన్నారు. నలభై ఎనిమిదేళ్లు తప్పుకున్న ప్రశ్న గాజుపెట్టెలోంచి నా వైపు చూస్తోంది. ఇక తప్పుకోబుద్ధి కాలేదు.

"అవి విమానాలు కావండీ. చాకలి గుర్తు అది. ఈ చొక్కా ఉతికింది మా పెదనాన్న, మా నాన్న. మా పెదనాన్న ఆ ఓడలోనే చచ్చిపోయాడు. మీ జాబితాలో ఆయన పేరు లేదు."

ఇంగ్లీషులో చెప్పాను, తర్వాత డాక్టరు గారి వైపు తిరిగి తెలుగులో కూడా చెప్పాను. ఆయన తలపంకించి, తుపాకీ నమూనా చూడ్డానికి అవతలి మూలకి వెళ్లారు.

పెద్దాయన మర్యాద తప్పలేదు, మెత్తబడనూ లేదు. జాబితా నౌకాదళం రికార్డుల్లోంచి తీసుకున్నదట. అందులో లేని పేరు తను చేర్చలేడట. కాయితం ఏదైనా ఉందా అని అడిగాడు. కాయితం లేదనే కదా నా గొడవ. అయినా ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు నేనూ అదే మాట అన్నాను. టెస్టు చేసి రిజిస్టరులో రాయకపోతే చేసినట్టు లెక్కకాదు, మళ్లీ చెయ్యమనేదాన్ని. నా కింద పనిచేసిన పిల్లలు నన్ను చూసి వణికేవాళ్లు. ఇప్పుడు ఆ రూలు నా ఇంటి మీదకే వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు 401 హైవే మీద ట్రాఫిక్కు ఆగిపోయింది. డాక్టరు గారు అద్దంలో వెనక కార్లు చూస్తూ, రజకులం అని చెప్పొచ్చు కదమ్మా, వినడానికి బావుంటుంది అన్నారు. నా మంచి కోరే అన్నారు. అదే నాకు మరీ కష్టమనిపించింది.

"మా పెదనాన్న వినడానికి బావుండేలా చావలేదండీ. చాకలిపని చేస్తూ చచ్చిపోయాడు. ఆ మాటే ఉండనివ్వండి."

ఆయన రేడియోలో ట్రాఫిక్ వార్తలు పెట్టారు. ఆ తర్వాత వాళ్లావిడ వ్రతానికి పిలవడం మర్చిపోయింది. మర్చిపోయిందనే అనుకుంటున్నాను.

ఇంటికొచ్చి అట్టడుగు సూట్‌కేసు తీశాను. నేను ఈ దేశానికి బయల్దేరినప్పుడు నాన్న తెల్ల దుప్పటి ఒకటి చలవచేసి ఇచ్చాడు. ఇన్నేళ్లూ పరవలేదు, పారెయ్యలేదు. మూల మడత తిప్పితే కొక్కెం ఉంది. చుక్కల్లేవు, ఎందుకంటే అది ఎవరి బట్టా కాదు, మాది. నేల మీదే కూర్చుని ఏడ్చాను. ఇన్నాళ్లూ ఈ మూల కనబడకుండా మడతపెట్టింది నేనే.

రెండోసారి మా అమ్మాయి తీసుకెళ్లింది. తనకీ కార్లోనే చెప్పాను, వాళ్ల తాత పనేమిటో. "సో వాట్, అమ్మా? హియర్ నోబడీ ఈవెన్ నోస్" అంది. ఎవరికీ తెలియదు కాబట్టే ఇంతకాలం దాక్కోగలిగానే పిల్లా అన్నాను. దుప్పటి తనే పట్టుకుంటానంది. హాలు మెట్లెక్కేటప్పుడు మాత్రం, డోంట్ మేక్ ఎ సీన్ అని చెవిలో అంది. మాటివ్వలేదు.

దుప్పటి మూల గాజుపెట్టె పక్కన పెట్టాను. పెద్దాయన భూతద్దంతో రెండూ చూశాడు. ఒకేలా ఉన్నాయని ఒప్పుకున్నాడు. కానీ మీరు ఈ చొక్కా చూసి కూడా వేసి ఉండొచ్చు కదా అన్నాడు. నాకు కోపం రాలేదు, ముచ్చటేసింది. నా ల్యాబ్‌లో ఉంటే ఇతనికి ప్రమోషన్ ఇచ్చేదాన్ని. అప్పుడు చెప్పాను, పెట్టె తెరవకుండానే. కాలరు దగ్గర కొక్కెం ఎడమకి తిరిగి ఉంది, అది మా పెదనాన్నది. కుడి చంక కింద లోపలి కుట్టు తిప్పండి. అక్కడ ఇంకో గుర్తు ఉంటుంది. చుక్కలు మూడే, కానీ కొక్కెం కుడికి తిరిగి ఉంటుంది, అది మా నాన్నది. ఉంటే ఆ ఓడలో ఇద్దరున్నట్టు. లేకపోతే నేను మళ్లీ మీ గడప తొక్కను.

పెద్దాయన తాళం తీశాడు. తెల్ల చేతితొడుగులు వేసుకున్నాడు. ఆ చొక్కా లోపలివైపు ఎవరూ చూసి ఉండరు, ఎందుకు చూస్తారు? ఆయన కుట్టు తిప్పాడు. నేను పెట్టె అంచు పట్టుకుని ముందుకి వంగాను. ఎనభై ఏళ్ల నాటి గుడ్డ, మడతలో పసుపెక్కిపోయింది. గుర్తు మాత్రం నిన్న వేసినట్టే నల్లగా ఉంది. కుడికి తిరిగి ఉంది.

పందొమ్మిదేళ్ల మా నాన్న అక్కడ ఉన్నాడు. అన్న బతికుండగా వేసిన కొక్కెం. నేను పుట్టాక ఒక్కసారి కూడా చూడని కొక్కెం. చెప్పగా విని నమ్మిన గుర్తుని మొదటిసారి కళ్లతో చూశాను.

పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాళ్ల నాన్న యుద్ధం గురించి ఇంట్లో నోరెత్తేవాడు కాదట. విమానాల కథ వాళ్లమ్మ పిల్లలకి చెప్పిందట. "అయితే మా నాన్న ఒక్కదాన్నీ కూల్చలేదంటారా?" అని అడిగాడు. ఎనభై దాటిన మనిషి కళ్లల్లో పదేళ్ల పిల్లాడు కనిపించాడు. కూల్చాడో లేదో నాకు తెలియదన్నాను. చొక్కా మాత్రం తెల్లగా ఉండేదని చెప్పాను. ఆయన నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు. నాన్నని పెద్ద చెయ్యడానికి ఆయనకి మూడు విమానాలు కావలసివచ్చాయి, నాకు సప్లై అనే మాట కావలసివచ్చింది. ఆయన్ని అనడానికి నాకేం హక్కుంది?

అంతటితో అయిపోలేదు. వాళ్ల కమిటీ కూర్చుంది. ఓడలో భారతీయ బట్టలుతికేవాళ్లు కూడా ఉండేవారని పుస్తకం చివర ఒక చిన్న వాక్యం వేస్తామని ఈమెయిల్ వచ్చింది. పేరు ఉండదట. పోయినవాళ్ల జాబితా ముట్టుకోరట. జవాబు రాశాను. బట్టలుతికేవాళ్లు చచ్చిపోలేదు, మా పెదనాన్న చచ్చిపోయాడు, ఆయనకి పేరుంది, మీ వాక్యం మీ దగ్గరే ఉంచుకోండి, నవంబరులో వస్తాను అని.

వెళ్లాను. పట్టుచీర కట్టుకుని, దాని మీద మంచుకోటు వేసుకుని, దుప్పటి మడతపెట్టి ఒళ్లో పెట్టుకుని రెండో వరసలో కూర్చున్నాను. పక్కన మా అమ్మాయి. డాక్టరు గారు వస్తానన్నారు, రాలేదు. జ్వరమన్నారు. వచ్చి ఉండొచ్చు. పదకొండు గంటలకి మౌనం పాటించారు. తర్వాత పెద్దాయన పేర్లు చదవడం మొదలెట్టాడు. వాళ్ల ఆనవాయితీ ఏమిటంటే ఒక్కో పేరు చదివాక ఇత్తడి గంట ఒకసారి కొడతారు. గంట మోగితేనే ఆ మనిషి లెక్కలోకి వచ్చినట్టు. పేరు, గంట. పేరు, గంట. మా నాన్న ఆ సాయంత్రం డెక్కు మీద ఇలాగే నిలబడి, తర్వాతి పేరు అన్నయ్యదే అనుకుంటూ విని ఉంటాడు. చివరి పేరు అయింది. పెద్దాయన కాయితం మడిచాడు.

లేచి నిలబడ్డాను. అమ్మాయి నా కోటు అంచు పట్టుకుంది. లాగుతుందనుకున్నాను, లాగలేదు, పట్టుకునే ఉంది. పెదనాన్న పేరు పైకి చదివాను. ఇంటిపేరుతో సహా, మా ఊళ్లో పిలిచినట్టు పూర్తిగా, గొంతు తగ్గించకుండా. ఆ తర్వాత ఆయన పని చెప్పాను. ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో: చాకలి.

కమిటీవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. నేను కూర్చోలేదు. గంట మోగేదాకా కూర్చోనని ముందే అనుకుని వచ్చాను. కావాలంటే సాయంత్రం దాకా నిలబడతాను, మోకాళ్లు పోతే పోనీ అనుకున్నాను. పెద్దాయన నా వైపు చూడలేదు. గంట దగ్గరికి నడిచాడు. తాడు చేతిలోకి తీసుకున్నాడు.

మోగింది.

ఇంత రభస చేసి ఆ పేరు ఇక్కడ ఎందుకు రాయలేదని మీరు అడుగుతారు. ఇక్కడ రాస్తే ఇంటిపేరు చూసి, మళ్లీ పులుసు వచ్చేలోగా ఆ పాత ప్రశ్నే వేస్తారు. దాని జవాబు మొదటి పేరాలోనే ఇచ్చేశాను. గంట మోగిన పేరుని కమిటీ ఇక కాదనలేకపోయింది. పేరు ఇప్పుడు ఎటోబికోలో ఆ హాలు గోడ మీద, మిగతావాళ్ల పేర్ల కింద, అదే సైజు అక్షరాల్లో ఉంది. పక్కన ఒక చిన్న కొక్కెం చెక్కించారు, ఎడమకి తిరిగింది. కావలసినవాళ్లు వెళ్లి చదువుకోండి. పేరు పక్కన ఆయన పని కూడా రాసి ఉంటుంది. అది కూడా పైకే చదవండి.